మడమ కింద అరచెయ్యి

కొండ మీద పెద్దాసుపత్రి.
చినవాల్తేరులో, జనం ఇంకా పాత పేరుతోనే పిలిచే
ఇంకో ఆసుపత్రి.
మధ్యలో ఆటోకి ఎనభై రూపాయలు.
ఆ దారిలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది
తెడ్డు కొర్లమ్మ ఫైలు.

ఇక్కడ రాశారు: నరాలన్నీ బాగున్నాయి, మీరు చూడండి.
అక్కడ రాశారు: మనసు నిలకడగానే ఉంది, మీరే చూడండి.
రెండు సంతకాల నడుమ
ఒక కుడికాలు
ఎవరిదీ కాకుండా ఉండిపోయింది.

వేకువ నాలుగింటికి, ఫిషింగ్ హార్బరు జెట్టీ మీద,
కానగడతల తట్ట నెత్తిన ఉండగానే పోయిందట కాలు.
పక్కదానికి తట్ట అందించి
అప్పుడు కూలిందట.
అదే పట్టుకున్నాడు మా సీనియరు:
నిజంగా పడిపోయే మనిషి
తట్ట దించుకుని పడుతుందా?

నేనూ అలా అన్నవాణ్ణే.
గాజువాక కుర్రాడొకడు
కళ్ళు బిగించి కొట్టుకుంటుంటే
కేసు షీటులో 'నటన' అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
గాలం ముల్లులా ఉంటుంది కదా ఆ గుర్తు,
ఇంకా నా గొంతులోనే ఉంది.

"కుడికాలు మంచానికేసి నొక్కమ్మా."
మడమ కింద నా అరచెయ్యి ఖాళీ.
"పోనీ వదిలెయ్. ఎడమకాలు ఎత్తు,
నేను ఆపుతాను, నువ్వు ఎత్తు."
పళ్ళబిగువున ఎత్తింది.
అప్పుడు దిగింది నా అరచేతిలోకి,
చచ్చిందనుకున్న కాలి బరువు.

ఇది దొంగని పట్టే వల అనుకునేవాళ్ళం,
వరండాలోకొచ్చి కళ్ళెగరేసుకునేవాళ్ళం.
ఈసారి ఆమె చేతినే తీసుకుని
ఆమె తొడ కింద పెట్టించాను.
"చూడు, బలం ఇక్కడే ఉంది.
పిలిస్తే పలకట్లేదు. పని మరిపిస్తే వస్తోంది."

చాలాసేపు మాట్లాడలేదు.
"అయితే నాను దొంగేసాలు ఏస్తున్నానంతావా బావూ?"
కాదన్నాను. ఫోనూ సిగ్నలూ అంటూ ఏదో పోలిక ఎత్తుకున్నాను,
నాకే నచ్చలేదు.
ఆమె కిటికీలోంచి సముద్రం చూసింది.
"పడవకేటీ అవలేదంతావు.
సరంగు బెదిరిపోనాడంతావు."

ఎందుకు బెదిరాడు?
అప్పు అడిగాను, మొగుణ్ణి అడిగాను, తుఫాను అడిగాను.
"పేటలో అందరికున్నదే నాకూ ఉన్నాది బావూ,
ఆళ్ళ కాళ్ళు బాగానే ఉన్నాయి కదా."
నా దగ్గర జవాబు లేదు.
కారణం దొరక్కుండానే
కాలిని వెతుక్కోవడం మొదలుపెట్టాం.

ఫిజియో గదిలో ఎస్తేరురాణి
ఆమెని వెనక్కి నడిపించింది.
ముందుకైతే ఈడ్చే కాలు
వెనక్కి పొందిగ్గా పడింది.
మర్నాడు వేలం పాడించింది.

"వంజరం! ఎనిమిదొందలు! ఎనిమిదొందలు ఒకటోసారి!"
వార్డంతా తలలెత్తింది.
సెలైన్ సీసా పట్టుకున్న ముసలాయన
తొమ్మిదొందలన్నాడు.
వార్డుబాయి వెయ్యి.
"ఎయ్యి రూపాయలకి ఈ చేప తోకొస్తాది నాయనా!"
అని తిడుతూ తిడుతూ
వరండా చివరిదాకా వెళ్ళిపోయింది.
అక్కడ ఎవరో చప్పట్లు కొట్టారు.
కిందికి చూసుకుంది.
కాలు మళ్ళీ కొయ్యబారింది.

ఆర్నెల్లయింది. నయమైందని రాయలేను.
మబ్బు పట్టిన రోజుల్లో సరంగు మాట వినడట,
అప్పుడు ఇంట్లో వెనక్కి నడుస్తుందట,
పిల్లలు నవ్వుతారట.
ఫైలు ఆఖరి పేజీలో మాత్రం
రెండు విభాగాల సంతకాలు
ఒకే గీత మీద ఉన్నాయి.
దానికి మూడు వారాలు పట్టింది,
కాలు కదలడానికి పట్టినంత.

నిన్న ఓపీ బెంచీ మీద
చెయ్యి వణుకుతున్న కొత్తాయనకి చెబుతోంది,
గొంతు తగ్గించాననుకుని, అందరికీ వినబడేలా:
"ముందు నువ్వు దొంగవి కాదని రాయించుకో.
సెయ్యి సంగతి తరవాత సూసుకుందారి."